గుంతకు పది బస్తాలు: ఒక దుర్వాదమునకు ఖండనము

నల్లమల పాదమున నున్న ఆత్మకూరులోను, అచటినుండి వెలుగోడు, పాములపాడు, నందికొట్కూరు దెసలకు పోవు బాటల వెంబడి పల్లెలలోను, ఇల్లు కట్టదలచినవాడు స్థలమున ముగ్గు పోయించిన నాటినుండి పునాదులు పూడ్పించిన నాటివరకు పలువురి నోట పలుమారులు వినునట్టి మాట యొకటి కలదు: "పునాదికి లెక్కలెందుకప్పా? పిల్లరు గుంతకు పది బస్తాలు వేసుకో. ఒకటి మిగిలితే మిగులుతుంది గాని తప్పు రాదు." ఈ మాట బేల్దారి నోట పుట్టి, సిమెంటు అంగడిలో బలపడి, ఇల్లు కట్టించి ముగించిన ఇరుగుపొరుగువారి సాక్ష్యముతో స్థిరపడి, నేడు ప్రశ్నింపరాని సిద్ధాంతమై కూర్చున్నది. దీనివలన ధనమును, అంతకంటె విలువైన ఇంటి ఆయువును కోల్పోవుచున్నామని నిరూపించుటయే నా యుద్దేశము.

ముందుగా ఆ పక్షమువారి వాదమును వారు చెప్పెడి బలముతోనే చెప్పెదను. బేల్దారి ముప్పదియేండ్లుగా పునాదులు వేయించుచున్నాడు. అతడు కట్టిన ఇండ్లు నిలిచియున్నవి. మన ఊళ్లలో కట్టుకొను ఇండ్లన్నియు ఇంచుమించుగా ఒక్క తీరువే: రెండు మూడు సెంట్ల స్థలము, తొమ్మిదియో పండ్రెండో పిల్లర్లు, ఒక అంతస్తు, మహా అయిన పైన మరియొకటి. ఒక్క తీరు ఇంటికి ఒక్క తీరు పునాది చాలును. లెక్క కట్టినను గుంతలు గీత గీచినట్లు తెగవు, తట్టలు సమముగా నిండవు. కావున కాగితముపై దశాంశములు వ్యర్థము. నేలలోపలికి పోయెడి వస్తువు విషయమున పిసినారితనము తగదు. ఎక్కువైన బలమే గాని హాని లేదు. కడపటిగా, ఇంటి మొత్తము ఖర్చులో పునాది కాంక్రీటు చిన్న భాగము. నాలుగు బస్తాలు అటునిటైనంత మాత్రమున కొంప మునుగదు. ఇవి తెలివితక్కువ మాటలు కావు. ప్రతిదానియందును కొంత సత్యము కలదు. ఆ కొంత సత్యమును చాటు చేసికొనియే తక్కిన అసత్యము చెల్లుబడి యగుచున్నది.

1. నేల నడుగని లెక్క

పునాది చేయు పని యేమి? పిల్లరు మోసికొనివచ్చిన బరువును నేల ఓర్వగలిగినంత వెడల్పునకు పరచుట. కావున దాని కొలతను నిర్ణయించునవి రెండు: పైనుండి దిగెడి బరువు, క్రింది నేల యోర్పు. ఈ రెండింటిని విచారింపక బస్తాల సంఖ్య చెప్పువాడు ప్రశ్న వినకయే జవాబు చెప్పుచున్నాడు.

ఒక పిల్లరుపై 20 టన్నుల బరువు పడుచున్నదనుకొందము. పునాది సొంత బరువు క్రింద నూటికి పది కలిపిన 22 టన్నులగును. గరుసుతో గట్టిపడిన నేల చదరపు మీటరునకు 20 టన్నులు ఓర్చునదైనచో 1.1 చదరపు మీటరు, అనగా మూడున్నర అడుగుల చదరము, చాలును. నేల 10 టన్నులు మాత్రమే ఓర్చునదైనచో 2.2 చదరపు మీటర్లు, ఇంచుమించు ఐదడుగుల చదరము, కావలెను. 7 టన్నులే యైనచో 3.1 చదరపు మీటర్లు దాటి ఆరడుగుల చదరమునకు చేరువగును. ఇల్లు అదే, పిల్లరు అదే, బేల్దారి అతడే. పునాది వైశాల్యము మాత్రము ఇంచుమించు మూడింతలైనది. వైశాల్యము పెరిగినకొలది పిల్లరు అంచు దాటి వెలికి చాచిన భాగము పొడవగును. అది వంగకుండుటకు మందమును పెంచవలెను. అందుచేత కాంక్రీటు మూడింతలతో ఆగక ఇంకను మించిపోవును.

ఆత్మకూరు వంటి చోట ఈ భేదము పుస్తకములకు మాత్రమే పరిమితమైనది కాదు. ఊరికి తూర్పున నల్లమల దిగువ వాలులలో ఎక్కువగా గరుసు కలిసిన ఎర్రనేలలు. పడమరకును దక్షిణమునకును, కుందూనది పరీవాహమువైపు పోవుకొలది, నల్లరేగడి. ఒక్క గ్రామము రెండు కొసలలో, ఒక్కొక్కప్పుడు ఒక్క స్థలము రెండు మూలలలోనే, పైన ఒక నేలయు మూడడుగుల లోతున మరియొక నేలయు తగులుట ఇచటివారికి క్రొత్త సంగతి కాదు. ఎర్రనేలలో వేరుసెనగ వేయు రైతు నల్లరేగడిలో పప్పుసెనగ వేయును. నేల మారిన విత్తనము మార్చవలెనని అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ రైతే ఇల్లు కట్టునప్పుడు మాత్రము, రెండు నేలలకును ఒక్కటే పది బస్తాల లెక్క చెల్లునని తన తండ్రితాతల నేల జ్ఞానమును తానే మరచుచున్నాడు. "ఇండ్లన్నియు ఒక్క తీరు" అను మాట నిజమే కావచ్చును. నేలలన్నియు ఒక్క తీరు కావు. వాదమంతయు ఈ ఒక్క లోపముననే కూలిపోవును. అయినను తక్కినవానిని విడువరాదు.

2. బస్తా కొలమానము కాదు

మన ప్రాంతమున సామాన్యముగా పోయునట్టి పునాది నొకదానిని తీసికొందము. ఐదడుగుల చదరము, అడుగు మందము చదునుగా, దానిపై మరియొక అడుగు ఎత్తున నాలుగువైపుల వాలుగా పోయి, పిల్లరు మొదట ఒకటిన్నర అడుగుల చదరమున ముగియును. క్రింది పలక 25 ఘనపుటడుగులు. పై వాలునకు తల తెగిన పిరమిడు సూత్రము వాడవలెను: క్రింది వైశాల్యము 25, పై వైశాల్యము 2.25, ఆ రెంటి లబ్ధమునకు వర్గమూలము 7.5, మూడింటి మొత్తము 34.75, దానిని ఎత్తుచే గుణించి మూడవవంతు తీసిన 11.58. అంతయు కలిసి 36.58 ఘనపుటడుగులు, ఘనమీటరుకంటె ఇసుమంత ఎక్కువ. వాలును లెక్కింపక రెండడుగుల దిమ్మెగా భావించినవాడు 50 అనును. నూటికి ఇంచుమించు ముప్పదియేడు అధికముగా చెప్పెనన్నమాట.

ఇది తడిసి కుదిరిన కాంక్రీటు కొలత. కంకర సందులలో ఇసుకయు, ఇసుక సందులలో సిమెంటును దూరును గనుక, పొడి సరుకు దీనికి 1.54 రెట్లు కావలెనని సివిల్ ఇంజనీర్లు వాడుకగా లెక్కింతురు: 56.3 ఘనపుటడుగులు. ఒకపాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడుపాళ్లు కంకర, మొత్తము అయిదున్నర పాళ్లు. సిమెంటు 10.24 అడుగులు, 50 కిలోల బస్తాలో ఒకటింబావు ఘనపుటడుగునకు కొంచెము తక్కువ పట్టును గనుక 8.4 బస్తాలు, ఇసుక 15.4 అడుగులు, కంకర 30.7 అడుగులు. అడుగున ఐదున్నర అడుగుల చదరమున నాలుగంగుళముల మందము వేయు బెడ్డు కాంక్రీటునకు, 1:4:8 పాళ్లలో, మరియొక బస్తా. నష్టము క్రింద నూటికి ఐదు కలిపిన పది బస్తాలకు వచ్చును.

ఇచట పది బస్తాల మాట సరిపోయినది. ఆ పక్షమువారు దీనినే చూపి తమ వాదము నెగ్గినదందురు. కాని పైన చెప్పిన గరుసునేలలోని మూడున్నర అడుగుల పునాదికి, ముప్పాతిక అడుగు చదును, ముప్పాతిక అడుగు వాలు చాలుననుకొనిన, బెడ్డుతో కలిపి అదే లెక్క నాలుగు బస్తాలు చూపును. మెత్తని నేలలోని ఆరడుగుల పునాదికి, ఒకటింబావు అడుగు చదును, అంతియే వాలు వేసినచో, పదునారు బస్తాలు దాటును. నాలుగు, పది, పదునారు: ఒక్క పిల్లరునకే, నేల భేదముచేత. ఈ మూడింటి నడుమ సరిగా మధ్యలో పడిన సంఖ్యను పట్టుకొని అన్నిటికిని అదే చాలుననుట, చాలినచోట మాత్రమే తూకము వేసి చాలనిచోట కన్ను మూసికొనుట.

గుంతలు గీత గీచినట్లు తెగవు గనుక లెక్క వ్యర్థమను వాదమునకు సమాధానమిది. చెక్కలు బిగింపక గుంత గోడలకే కాంక్రీటు పోయుచున్నపుడు, ఐదడుగుల గుంత రెండువైపుల నాలుగేసి అంగుళములు వెడల్పై ఒక్క అంగుళము లోతైనచో, పలక భాగమున కాంక్రీటు 25 నుండి 30.8 ఘనపుటడుగులకు పెరుగును, నూటికి ఇరువదిమూడు. ఇంత తేడా తెచ్చెడి తప్పును కొలవనక్కరలేదనుట యెట్టి తర్కము? తప్పు సంభవించునని తెలిసిననాడు త్రవ్విన గుంతను మరల టేపుతో కొలుచుట న్యాయము గాని, మొదటి కొలతను సైతము పారవేయుట న్యాయము కాదు. ఇసుక విషయమును ఇట్టిదే. నూటికి నాలుగైదు వంతుల తేమ పట్టిన ఇసుక పొంగి పొడి ఇసుకకంటె ఇంచుమించు నాలుగవవంతు అధిక స్థలమాక్రమించును. వానకు తడిసిన కుప్పనుండి తట్టలు లెక్కపెట్టి వేసినవాడు ఒకటిన్నర పాళ్లనుకొని ఒకటింబావునకును తక్కువ వేయుచున్నాడు. అన్ని బస్తాలకు రావలసిన కాంక్రీటు రాదు. సాయంకాలమునకు సరుకు చాలక పోవును. అపుడు జరుగునది తరువాత చెప్పెదను.

3. "ఎక్కువైన బలమే"

ఈ మాట అన్నిటికంటె ప్రమాదకరము, ఏలయన ఇది జాగ్రత్త వేషమున వచ్చును. పునాది బలము కాంక్రీటు రాశిలో లేదు. వెడల్పు, మందము, అడుగున పరచిన కమ్మీ, ఆ కమ్మీని కప్పిన కాంక్రీటు, సిమెంటునకు తగిన నీరు, వీని పరస్పర సంబంధమునందున్నది. వెడల్పు చాలని గుంతలో మందము రెట్టింపు చేసినను నేలపై పడు ఒత్తిడి తగ్గదు. పునాది సొంత బరువుచే ఇంకను పెరుగును. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 పునాదులలో కమ్మీకి కనీసము 50 మిల్లీమీటర్ల కవరు ఉండవలెనని నిర్దేశించుచున్నది. పది బస్తాలు పోసితిమన్న ధీమాతో కమ్మీ జల్లెడను బెడ్డుపైననే పరచి, క్రింద కవరు బిళ్లలు పెట్టక కాంక్రీటు దిమ్మరించిన చోట, ఆ అదనపు కాంక్రీటంతయు కమ్మీకి పైననే పడును. తేమ తగులు క్రిందివైపున రెండంగుళముల రక్షణ లేక కమ్మీ త్రుప్పుపట్టును. బస్తాల సంఖ్యపై దృష్టి నిలిపినవారు ఈ అయిదింటిని మరచుటే ఈ సిద్ధాంతము చేయు నిజమైన కీడు.

నల్లరేగడిలో ఈ వాదము పూర్తిగా తలక్రిందులగును. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెరియలు విచ్చును. ఉబ్బునపుడు అది పునాదిని పైకి నెట్టును. ఐదడుగుల పునాదికి ఒక అడుగు మందము అధికముగా పోసినచో చేరెడి బరువు చదరపు మీటరునకు ముక్కాలు టన్ను మాత్రమే. బాగుగా ఉబ్బు నేల పైకి నెట్టు ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు. ఒక్క మూల గుంత తడిసి, వేరొక మూల ఇంటి నీడన ఎండియున్నపుడు, ఒక పిల్లరు లేచును, ఒకటి నిలుచును. కిటికీ మూలనుండి ఏటవాలుగా గోడపై బీట పారును. వానకాలమున సన్నగిల్లి, చైత్రవైశాఖములలో వ్రేలు దూరునంత విచ్చుకొను ఆ బీటను సున్నముతో పూడ్చి మరుసటి ఏడు మరల పూడ్చువారు మన పల్లెలలో ఎందరో కలరు. వారందరును పునాదిలో ఎక్కువే పోసినవారు. ఎక్కువతనము ఆ బీటను ఆపలేదు, ఆపజాలదు.

4. అనుభవము దేనిని చూచినది?

నిలిచిన ఇండ్లను చూపి బస్తాల లెక్కను మెచ్చుకొందురు. బీటలు వారిన ఇండ్లను చూపినపుడు "ఆ నేల మంచిది కాదప్పా" అని త్రోసివేయుదురు. నిలిచిన యశము బస్తాలది, బీట తప్పు నేలది యైనచో, ఈ సిద్ధాంతము తప్పని రుజువు చేయగల ఇల్లు లోకమున ఉండజాలదు. పరీక్షకు నిలువని మాట అనుభవము కాజాలదు.

అంతేకాక, మన బేల్దారులకు వారసత్వముగా వచ్చిన అనుభవము వేరొక తీరు ఇంటిది. రాయలసీమ మట్టిమిద్దెలకు మందమైన రాతిగోడలుండెను. మిద్దె బరువు గోడ పొడవునను పరచుకొని, గోడ క్రింది పునాది పొడవునను నేలపై దిగుచుండెను. పిల్లర్ల ఇల్లు అట్టిది కాదు. అంత బరువును పండ్రెండు బిందువులకు చేర్చి ఒక్కొక్క గుంతపై మోపుచున్నది. గోడ మొత్తమున హెచ్చుతగ్గులను సర్దుకొనగలిగిన పాత ఇంటి అనుభవము, ఒక్క గుంత కుంగిన ఇల్లే వంగెడి నేటి ఇంటికి నేరుగా అన్వయింపదు. బేల్దారి చేతి నేర్పును నేను తక్కువ చేయుట లేదు. మూలమట్టము పట్టి గోడ లేపుటలో, కాంక్రీటును కూరుటలో, అతనికి సాటి కాగితము లేదు. కాని నేల లోతును, దాని యోర్పును చేతి నేర్పు చెప్పజాలదు.

5. "నాలుగు బస్తాలకు కొంప మునుగదు"

గరుసునేలలో నాలుగు బస్తాల పునాదికి పది వేసినచో, పండ్రెండు గుంతలలో డెబ్బదిరెండు బస్తాలు వ్యర్థముగా భూస్థాపితములగును. సామాన్యుడు ఇల్లు కట్టునపుడు ఆ డెబ్బదిరెండు బస్తాలు పైకప్పు స్లాబులో చాలా భాగమునకు చాలును. చేతిలో సొమ్ము పరిమితమైనవాడు పునాదిలో పోగొట్టుకొనినది స్లాబులోనే తగ్గించుకొనును. స్లాబు మందమున, కమ్మీ లావున. అనగా నేలలో ఎక్కువైనది ఇంటివారి తలపై తక్కువగుచున్నది.

చాలనిచోట జరుగునది ఇంకను ఘోరము. పొద్దుగ్రుంకు వేళ, పదియవ గుంత సగమున నుండగా సరుకు తరిగిపోవుట చూచిన మేస్త్రి యేమి చేయునో కాంక్రీటు కలుపు మిల్లరు ప్రక్కన నిలిచి చూచినవారెల్లరు ఎరుగుదురు. అంగడి మూసియుండును, మిల్లరు బాడుగ రేపు మరల ఇయ్యవలెను, కూలీలు చేతులు కడుగుకొన చూచుచుందురు. అతడు బస్తాకు రెండు తట్టలు ఇసుక, మూడు తట్టలు కంకర హెచ్చు వేయించి, దానిని కదల్చుటకు మరియొక బిందె నీరు పోయించును. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లలో ఒక బస్తా 4.4 ఘనపుటడుగుల కాంక్రీటు నిచ్చును; ఒకటికి రెండు, నాలుగు పాళ్లలో 5.6 ఇచ్చును. గుంత నిండును, ఎవరికిని తేడా కానరాదు. కాని మొదటి పాళ్లుగల ఎం20 కాంక్రీటునకు బస్తాకు 30 లీటర్లకు మించరాదని ఐ.ఎస్. 456 పట్టిక చెప్పిన నీరు, తడి ఇసుకలోని నీటితో కలిసి, ఎంతగా మించెనో అడుగువారు లేరు. మొదటి తొమ్మిది గుంతల బలమొకటి, కడపటి మూడింటి బలమొకటి. ఆ మూడును ఇంటి ఒక్క వైపుననే యుండును. ఇదంతయు బేల్దారి దుర్మార్గము కాదు; ఉదయమున లెక్క లేకుండ మొదలిడిన పనికి సాయంకాలమున తప్పని ఫలము.

ఇట్టి తప్పు పేదయింటితోనే ఆగునదియును కాదు. మన జిల్లాల మీదుగా పారు కర్నూలు-కడప కాలువనే చూడుడు: తుంగభద్రనుండి నెల్లూరు దెస సముద్రతీరము వరకు పోవలెనన్న మహాసంకల్పముతో 10 లక్షల పౌనుల మూలధనముతో బయలుదేరిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి, కాలువ కడప చేరుటకే ఆ ధనము చాలక ప్రభుత్వపు అప్పు పట్టవలసి వచ్చెను, తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనెను. నేలను, రాతిని, మట్టిపనిని ముందుగా సరిగా కొలువని అంచనాకు ఆ కంపెనీ తాళలేకపోయినది. రెండు సెంట్ల స్థలమున అప్పుచేసి ఇల్లు కట్టువానికి తాళుట యెట్లు?

6. మరి చేయవలసినదేమి?

పట్టణములలోని ఇంజనీర్లకు, ప్రయోగశాలలకు మాత్రమే తగిన పద్ధతియని దీనిని దూరముంచువారు కలరు. కర్నూలులోను నంద్యాలలోను ఇంజనీరింగు కళాశాలలు కలవు. మట్టిని మోసికొనిపోవుట పెద్ద పని కాదు. నేల ఉబ్బునో ఉబ్బదో తెలిపెడి పరీక్ష యొకటి అతి సులభము: ఎండబెట్టి సన్నగా జల్లించిన మట్టి పదేసి గ్రాములు రెండు గాజు కొలపాత్రలలో వేసి, ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరోసిను పోసి, ఒక దినము కదల్పక యుంచవలెను. కిరోసినులో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బును. నీటి పాత్రలోని మట్టి కిరోసిను పాత్రలోనిదానికంటె నూటికి ఏబదికి మించి పెరిగినచో ఆ నేలను నమ్మరాదు. ఐ.ఎస్. 2720 నలుబదియవ భాగమున చెప్పిన పరీక్ష యిది.

కాబట్టి క్రమమిది కావలెను. స్థలమున రెండు చోట్ల పరీక్షగుంత త్రవ్వి నేల చూడవలెను; పిల్లరు బరువును నేల యోర్పును తెలిసినవాడు ఒక్కొక్క పునాది కొలతను కాగితముపై వ్రాసియీయవలెను; ఆ కొలతనుండి ఘనపరిమాణము, దానినుండి సిమెంటు, ఇసుక, కంకర రావలెను; గుంతలు త్రవ్విన పిమ్మట, బెడ్డు వేయుటకు ముందు, వానిని మరల కొలిచి ఆ పట్టీని సవరించవలెను. ఇంటి యజమాని ఈ పట్టీ తన చేతికి రానిదే ఒక్క బస్తాయును దించుకొనరాదు. బేల్దారి దీనికి కోపగించిన కోపగించుగాక. పట్టీ ప్రకారము పని చేయించుటలో అతనికిని మేలే కలదు, సాయంకాలపు కొరతకు నింద అతనిపై పడదు.

పట్టీయే ఒక్కొక్కప్పుడు అసలు పలక పునాది వలదనియు చెప్పవచ్చును. లోతైన నల్లరేగడిలో ఋతువుల తేమ మార్పు సోకని లోతునకు దిగి, అడుగున ఉబ్బెత్తు బుడ్డగా వెడల్పు చేసిన అండర్ రీమ్డు పైలు వేయు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసి చాలకాలమైనది. అట్టి నేలలలో అది 3.5 మీటర్లకు తక్కువ పొడవు ఉండరాదని ఐ.ఎస్. 2911 మూడవ భాగము నియమించినది. ముప్పది సెంటీమీటర్ల వ్యాసము, ముప్పాతిక మీటరు బుడ్డ గల అట్టి పైలు ఒకదానికి పట్టు కాంక్రీటు ఘనమీటరులో మూడవవంతునకు లోపే. బస్తాలు మూడింటికి మించవు. నల్లరేగడిపై ఐదడుగుల పలక వేసి పది బస్తాలు పోసినవాడు ఆ పైలు కాంక్రీటునకు మూడింతలు వ్యయపరచియు ఉబ్బెడి పొరలోనే ఇల్లు నిలిపియున్నాడు.